రెండో గీత

కొత్తకోట,
14 జూలై 2024

షంషాద్ ఆపాకు,

ఆదాబ్. ఫోన్ చేస్తే మీకు వినబడదు. మెసేజ్ పెడితే మీకంటే ముందు మీ అబ్బాయి ఫరాజ్ చూస్తాడు. అందుకే కాగితం తీశాను. దవాఖాన ల్యాబులో మీ పక్కన పనిచేసిన ఏడాదిన్నర తర్వాత, పండుగలకు రెండు ముక్కలు రాయడం తప్ప మీకు సరిగా ఉత్తరమే రాయలేదు. ఇప్పుడు అవసరం పడింది కాబట్టి రాస్తున్నాను. తిట్టాలనిపిస్తే తిట్టండి. తిట్టించుకోవడానికే రాస్తున్నాననుకోండి.

ఇక్కడ హైవే పక్కన కొత్తగా పెట్టిన మెడికల్ కాలేజీలో సెకండియర్ పిల్లలకు మైక్రోబయాలజీ చెప్తున్నానని మీకు తెలుసు. నాలుగేళ్లయింది. బ్యాక్టీరియా అంటే మైక్రోస్కోపులో చూపిస్తాం కాబట్టి ఎలాగో వింటారు. ఇమ్యునాలజీ అంటే మాత్రం నిద్రే. కంటికి కనబడని యాంటిజెన్‌ను కంటికి కనబడని యాంటీబాడీ పట్టుకుందని నేను బోర్డు మీద బొమ్మలు గీస్తాను, వాళ్లు పేర్లు బట్టీపట్టి పరీక్ష రాసేస్తారు. అందుకని ప్రాక్టికల్ క్లాసులో హెపటైటిస్-బి కార్డు పరీక్ష చేసి చూపిస్తాను. వేలికి సూది గుచ్చి, రక్తపు చుక్క కార్డు మీద వేసి, పావుగంట ఆగాలి. ఒక గీత వస్తే నెగిటివ్, రెండు గీతలు వస్తే పాజిటివ్. ఆ రెండో గీత వచ్చే చోటే యాంటిజెన్ పట్టుబడుతుంది.

ఏటా ఆ చుక్క నాదే. కొత్త డబ్బా విప్పితే మొదటి కార్డు మన వేలిదే కావాలని మీరు నేర్పిన అలవాటు అది. ఈసారి ఒక తుంటరి పిల్లవాడు, "మేడమ్, మీది నెగిటివేనని మీకు ముందే తెల్సు గద" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు పట్టుదల వచ్చింది. సరే, మీలో ఎవరొస్తారు అన్నాను. మల్లిక లేచి వచ్చింది.

మల్లికది మీ జిల్లానే, కేతేపల్లి. తల్లి మైసమ్మ కూలికి పోతుంది, తండ్రి సైదులు ట్రాక్టరు నడుపుతాడు. ఆ ఇంట్లో మొదటి డాక్టరు కావలసిన పిల్ల. నా సబ్జెక్టంటే ప్రాణం. ముందు బెంచీలో కూర్చుని నేను చెప్పబోయే మాట నాకంటే ముందే నోట్సులో రాసుకునే రకం. ఆమె వేలికి సూది గుచ్చి, చుక్క వేసి, గీత ఎలా వస్తుందో అందరూ చూడాలని ఆ కార్డును ట్రేలో పెట్టి బెంచీ బెంచీకి తిప్పించాను. నేను బోర్డు దగ్గర పాఠంలో ఉండగా వెనక బెంచీ నుంచి ఎవరో "మేడమ్, రెండొచ్చినయ్" అన్నారు.

క్లాసంతా చూసింది. మల్లిక కూడా చూసింది. బెల్లు కొట్టకముందే బయటికి వెళ్లిపోయింది. సాయంత్రానికి హాస్టల్లో లేదు, ఊరికి వెళ్లిపోయింది.

మల్లిక రూములోనే ఉండే రిజ్వానా మర్నాడే మంచం వేరే గదికి మార్చుకుంది. మెస్సులో మల్లిక పళ్లేనికి వేరే గుర్తు పెట్టాలని ఎవరో అన్నారట. ఆపా, వీళ్లు నా దగ్గర చదువుకున్న పిల్లలు. పళ్లెంతో రాదు, గ్లాసుతో రాదు, పక్కన పడుకుంటే రాదని నెల కిందటే పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న పిల్లలు.

ఈరోజుకు పదకొండు రోజులు. నా ఫోన్ ఎత్తడం లేదు. హాజరు డెబ్బై ఐదు శాతం కంటే తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు. ఆగస్టు నెలాఖరులోపు రాకపోతే ఏడాది పోతుంది. ఏడాది పోతే ఆ పిల్ల ఇక ఈ చదువు ముఖం చూడదని నా భయం. ఏం చేయమంటారు?

మీ
కోమల


నల్గొండ,
19 జూలై 2024

కోమలా,

దువాలు. తిట్టించుకోవడానికి రాశానన్నావు కాబట్టి ముందు ఆ పని కానిస్తాను.

మొదటి కార్డు మన వేలిదే కావాలన్నాను. పిల్లల వేలిదని ఎప్పుడన్నాను? డబ్బా మంచిదో కాదో చూడడానికి మన రక్తం పెడతాం. ఏమన్నా తేలితే మనకే తేలుతుంది, తలుపు వేసుకుని ఏడుస్తాం. ముప్పై రెండేళ్లు రిజిస్టరు రాశాను. నంబర్లు రాశాను గాని ఒక్కనాడు ఒకరి పేరు బయట పలకలేదు. దవాఖాన ముందర చాయ్ తాగుతుంటే, ఫలానావాళ్లకు ఏం తేలింది ఆపా అని అడిగేవాళ్లు. నాకు వినబడనట్టు కూర్చునేదాన్ని. అప్పటికి చెవులు జర పనిచేసేవి కూడా.

నువ్వు ట్రేలో పెట్టి తిప్పావు. అది చాలదన్నట్టు నాకు ఆ పిల్ల పేరు, ఊరు, తల్లి పేరు, తండ్రి పేరు అన్నీ రాశావు. నాకెందుకు? నేను ఆ పేరు చదవనట్టే ఉంటాను. ఆ పిల్ల అంటాను, అంతే.

ఇక పని మాట. కార్డు ఒక్కటి చూసి ఊరుకుంటామా? దవాఖానలో ఎలిసా పరీక్ష చేయించావా? కాలేయం ఎలా ఉందో చూపించావా? కఫం స్లైడు మీద వంద చోట్లు చూడందే నెగిటివ్ అని రాయొద్దని నీ నెత్తిన మొట్టి చెప్పినదాన్ని. పాజిటివ్‌కు మాత్రం తొందరా?

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒక ముక్క తక్కువగా ఉంది. వెనక బెంచీ వాడు రెండొచ్చాయన్నాడు. పిల్ల వెళ్లిపోయింది. నడుమ నువ్వేమన్నావు? నిన్ను నేనెరుగుదును, నోరు మూసుకుని నిలబడే మనిషివి కావు. అది రాయి.

తిన్నావా అని అడగను. తినలేదని తెలుసు. ముందు తిను.

షంషాద్


కొత్తకోట,
30 జూలై 2024

ఆపాకు,

ఆదాబ్. ఆ ముక్క రాయడానికి ఇన్ని రోజులు పట్టింది.

నేను సంతోషపడ్డాను, ఆపా. నాలుగేళ్లుగా ఆ కార్డుల మీద పిల్లలకు చూపించింది ఒక్క గీతే. రెండో గీత ఇలా ఉంటుందని బోర్డు మీద ఎర్ర చాక్‌పీసుతో గీసి చెప్పేదాన్ని. వెనక నుంచి ఆ మాట వినగానే గబగబా వెళ్లి ట్రే అందుకుని, అందరికీ కనబడేలా పైకెత్తి, "చూశారా, ఎంత చక్కగా వచ్చిందో. ఇట్లాంటిది మళ్లీ దొరకదు" అన్నాను. నవ్వుతూ అన్నాను. అన్నాక ఆ చుక్క ఎవరిదో గుర్తొచ్చింది. అప్పటికి ఆ పిల్ల వేలికి దూది అదుముకుని నన్నే చూస్తోంది. నా మీద కోపం కూడా లేదు ఆ ముఖంలో. సరిగా చేశానా మేడమ్ అని అడుగుతున్నట్టు ఉంది.

ఎలిసా చేయించలేదు. చేయించడానికి పిల్ల ఎక్కడుంది? మొన్న ఆదివారం కేతేపల్లి వెళ్లాను. దూరం నుంచే నన్ను చూసి పెరటి దారిన వెళ్లిపోయింది. తల్లి చాప వేసి కూర్చోబెట్టింది. తను నిలబడే ఉంది. "మా పోరి ఏమన్న తప్పు జేసిందా మేడం? అడిగితె చెప్తలేదు. తిండి గూడ ఏరెనే తింటాంది" అంది. నేనేం చెప్పను? చెప్పే హక్కు నాకు లేదని ఈసారి గుర్తుంది. కాలేజీకి సెలవులిచ్చామని అబద్ధమాడి, ఇచ్చిన చాయ్ తాగి వచ్చేశాను. దారంతా నాకు నేనే అసహ్యం.

ఇరవై ఏడు రోజులు పోయాయి. ఆపా, మీరొకసారి వెళ్తారా? మీకు వినబడదు, ఆ పిల్ల మాట్లాడడం లేదు, ఎలా కుదురుతుందో నాకే తెలియదు. అయినా అడుగుతున్నాను. మీరు తప్ప ఇంకెవరూ తోచడం లేదు.

కోమల


నల్గొండ,
3 ఆగస్టు 2024

కోమలా,

ఉన్నది ఉన్నట్టు రాశావు. ఇక దాని గురించి నిన్ను ఏమీ అనను.

పిల్ల రమ్మంటేనే వెళ్తాను. చెప్పకుండా గుమ్మంలో నిలబడితే నీకూ నాకూ తేడా ఏముంది? ఫోన్ ఎత్తకపోతే మెసేజ్ పెట్టు, చదువుతుంది. నేనెవరో రాయి. ల్యాబులో పనిచేసిన ముసల్దని రాయి. నాకు ఈ సంగతి నువ్వే చెప్పావని దాచకుండా రాయి, దానికి క్షమాపణ అడుగు. చెవులు వినబడవని కూడా రాయి.

షంషాద్


కొత్తకోట,
9 ఆగస్టు 2024

ఆపా,

మీరు చెప్పినట్టే రాసి పెట్టాను. చివర, "ఆమెకు వినబడదు, నువ్వేమీ మాట్లాడనక్కర్లేదు" అని రాశాను. మూడు రోజులు జవాబు లేదు. ఈ పొద్దున ఒక్క మాట వచ్చింది: "రమ్మనండి."

కోమల


నల్గొండ,
14 ఆగస్టు 2024

కోమలా, బిడ్డా,

నిన్న వెళ్లి వచ్చాను. నకిరేకల్‌లో బస్సు మారాలి. కండక్టరు ఏదో అడుగుతాడు, నేను కేతేపల్లి అంటాను. మళ్లీ ఏదో అడుగుతాడు, మళ్లీ కేతేపల్లి అంటాను. చివరికి ఆధార్ కార్డు తీసి చూపిస్తే నవ్వి పోయాడు. ఆడవాళ్లకిచ్చే ఉచిత టికెట్టుకు దానికోసమే అడుగుతున్నాడని నాకేం తెలుసు?

తల్లి కూలికి పోయింది. ఇంట్లో పిల్ల ఒక్కతే ఉంది. నా సంచిలో ఎప్పుడూ ఒక నోటుబుక్కు ఉంటుంది, నాతో మాట్లాడాలంటే అందులో రాయాలి. పెన్ను చేతికిచ్చాను. "కూర్చోండి" అని రాసింది. ఇల్లు చూస్తూ కూర్చున్నాను.

గూట్లో వేరుగా ఒక పళ్లెం, ఒక గ్లాసు ఉన్నాయి. గ్లాసుకు ఎర్ర దారం కట్టి ఉంది. పక్క కూడా వేరుగా, వాకిట్లో. నాకు అర్థమైంది. లేచి ఆ గ్లాసు తీసుకుని కుండలో నీళ్లు ముంచుకుని తాగాను. పిల్ల ఉరికి వచ్చి చేయి పట్టుకుంది. "గ్లాసుతోని వస్తదని నీ పుస్తకంల ఏ పేజీల ఉన్నది? చూపియ్" అన్నాను. నోటుబుక్కు లాక్కుని, "లేదు. నాకు తెల్సు. అయినా భయమైతాంది" అని రాసింది. పాఠం తలకెక్కింది గాని ఇంకా చేతికెక్కలేదు. నీ మెస్సులో పిల్లల సంగతీ అంతే.

అప్పుడు నేను ఒక మాట చెప్పాను. ఇన్నేళ్లు నీకూ చెప్పని మాట. ఆ పిల్లకు చెప్పాను కాబట్టి నీకు చెప్పకుండా ఉండడం బాగుండదు.

ల్యాబులో ఆవిరి పట్టే ఆటోక్లేవ్ మోతకు నా చెవులు పోయాయని నీకు చెప్పింది అబద్ధం. 1991లో నేను మొదట చేరిన ల్యాబులో గాలి తిరగని గదిలో టీబీకి కఫం పరీక్షలు చేసేదాన్ని. రెండు నెలలు దగ్గు తగ్గలేదు. ఒకనాడు అందరూ పోయాక నా కఫం నేనే స్లైడు మీద పూసి, నేనే రంగు వేసి, నేనే చూసుకున్నాను. నీలం మీద ఎర్ర పుల్లలు. వంద చోట్లు చూడాల్సిన పని పడలేదు, మూడో చోటే కనబడ్డాయి. రిజిస్టరులో నంబరు వేయలేదు. అప్పటికి పెళ్లై ఏడాది. మా అమ్మ దగ్గరికి పోయి, నిమోనియా అని చెప్పి, వరండాలో పడుకున్నాను. పాలమూరులో ఒక డాక్టరు దగ్గర వేరే పేరు రాయించుకుని మందు తెచ్చుకున్నాను. సూదులు నేనే వేసుకున్నాను. తొంభై సూదులు. నలభై దాటాక చెవుల్లో గంటలు మొదలయ్యాయి. డాక్టరుకు చెబితే మందు మార్చేవాడు. చెప్పాలంటే మళ్లీ పోవాలి, ఎవరన్నా చూస్తారని పోలేదు. రోగం తగ్గింది. చెవులు అప్పుడు సగం, తర్వాత సగం పోయాయి. మా ఆయన పోయేదాకా ఆయనకు తెలియదు. ఫరాజ్‌కు ఇప్పటికీ తెలియదు. అన్నట్టు, నేనూ ఆ మూడు నెలలు పళ్లెం వేరుగా పెట్టుకున్నాను. పళ్లెంతో టీబీ రాదని నాకు తెలియకనా?

ఇదంతా విని పిల్ల పెన్ను తీసుకుంది. పేజీ నిండా రాసింది. ఈ పేజీ కోమలకు చెప్పనా అని అడిగాను. తలూపింది. పేరు కూడా చెప్పొచ్చని రాసింది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను: మల్లిక.

ఆమె సిగ్గుతో వెళ్లిపోలేదు, కోమలా. ఆ సాయంత్రమే పుస్తకం తీసి చదివిందట. తనకు ఎన్నడూ రక్తం ఎక్కించలేదు, ఆపరేషన్ లేదు. పుట్టినప్పుడు తల్లి నుంచే వచ్చి ఉంటుందని తేల్చుకుంది. అంటే తల్లికీ ఉన్నట్టే. ఆమె రాసిన మాట ఇది: "అమ్మకు తెలిస్తె నా బిడ్డకు నేనే విషం పెట్టిన అనుకుంటది. ఆమె బతుకంత అదే ఏడుస్తది. నేను డాక్టర్ అయితే ఎన్నడో ఒకనాడు తెలుస్తది. గందుకే సదువొద్దు."

నేనేం చెప్పాలి? మీ అమ్మ కాలేయం ఎలా ఉందో చూపించాలంటే ఆమెకు తెలియాలి అన్నాను. దాచుకుంటే నాకు చెవులు పోయాయి, మీ అమ్మకు ఏం పోతుందో నీకు నాకంటే బాగా తెలుసు అన్నాను. ఏడ్చింది. జర ఏడవనిచ్చాను. వస్తుంటే బస్టాపు దాకా వచ్చి నా సంచి మోసింది.

షంషాద్


కొత్తకోట,
19 ఆగస్టు 2024

ఆపా,

తొంభై సూదులు అని రాసిన చోట ఆగిపోయి, ఆ పూట మళ్లీ చదవలేకపోయాను. ఆటోక్లేవ్ మోతకు ఆపా చెవులు పోయాయని మీరు చెబితే నమ్మి, అదేదో తమాషా అయినట్టు మన ల్యాబుకు వచ్చిన ప్రతివాళ్లకూ నేనే నవ్వుతూ చెప్పేదాన్ని. మీరూ నవ్వేవారు. మీ పక్కన ఏడాదిన్నర కూర్చుని నేనేం చూశాను? ఎర్ర పుల్లలు వెతకడం నేర్చుకున్నాను గాని పక్క మనిషిని చూడలేదు.

మొన్న క్లాసులో బ్యాచీ అందరి ముందు మాట్లాడాను. మల్లిక గురించి ఒక్క మాట అనలేదు, నా గురించే చెప్పాను. ఒకరి రక్తం పరీక్షించే ముందు ఏం తేలవచ్చో చెప్పాలి, సరేనా అని అడగాలి, తేలింది వాళ్లకొక్కరికే చెప్పాలి. ఇవి మీకు నేర్పాల్సిన నేను మూడూ తప్పాను, క్షమించండి అన్నాను. అదే ప్రిన్సిపాల్‌కు కూడా రాసిచ్చాను. క్లాసయ్యాక రిజ్వానా నా గది దగ్గర నిలబడింది. "మేడమ్, మంచం మార్చుకున్నది నేనే. మల్లిక వస్తే మళ్ల ఆమె పక్కకే ఏయిస్తరా?" అంది. తలెత్తి అడగలేకపోయింది. వేయిస్తానన్నాను.

మైసమ్మ విషయం నాకో ఉపాయం తోచింది. ఆమెకు అసలు సంగతి చెప్పకుండా, షుగరు పరీక్ష అని రక్తం తీయిద్దాం. ఏమీ లేదని తేలితే మంచిదే. ఉందని తేలితే కాలేయానికి బలం మందులని చెప్పి డాక్టరుకు చూపిద్దాం. ఆ తల్లి మనసు కష్టపెట్టకుండా పని జరిగిపోతుంది. మల్లికకు ఇక పన్నెండు రోజులే ఉన్నాయి. మీరేమంటారు?

కోమల


నల్గొండ,
26 ఆగస్టు 2024

కోమలా,

షుగరు అని చెప్పి తీస్తావా? మొన్న బిడ్డ రక్తం అడగకుండా అందరికీ చూపించావు, ఇప్పుడు తల్లి రక్తం చెప్పకుండా తీస్తానంటావు. క్లాసులో మూడు మాటలు చెప్పి క్షమాపణ అడిగానని అదే కాగితం మీద రాశావు, సిరా ఆరకముందే మరిచావు. నీకు మనసు మెత్తన, అది నాకు తెలుసు. మెత్తని మనసుతో చేసినా అది మోసమే.

నీ ఉత్తరం వచ్చేసరికి ఇక్కడ పని అయిపోయింది. మల్లికే తల్లికి చెప్పింది. నన్ను పక్కన ఉండమని కబురు చేస్తే బుధవారం పోయాను. తల్లి వాకిట్లో కూర్చుని సొరకాయ తరుగుతోంది. పిల్ల ఎదురుగా కూర్చుని మాట్లాడింది. నాకు వినబడదు కాబట్టి ముఖాలు చూస్తూ కూర్చున్నాను. తల్లి చేతిలో కత్తి ఒకచోట ఆగింది. తర్వాత ఏదో అడిగింది, పిల్ల చెప్పింది. తర్వాత తల్లి ఒకటే మాట్లాడింది. ఆ మాటలు మల్లిక రాత్రికి నా నోటుబుక్కులో రాసిచ్చింది. తల్లిని అడిగి, ఉన్నవి ఉన్నట్టు పంపుతున్నాను:

"నాకెప్పటిసంది ఉన్నదంటవ్? చిన్నప్పటిసందా? అంటె గీ ఒంటితోనే నేను నాట్లేసిన, కలుపు దీసిన, నిన్ను గన్న, తమ్మున్ని గన్న. ఒక్కనాడన్న పండుకున్ననా? సదువుకున్నదానివి, నువ్వెందుకు పండుకున్నవే?"

అని లేచి పోయి, గూట్లో ఉన్న గ్లాసు తెచ్చి, ఎర్ర దారం తెంపి పొయ్యిలో వేసింది. అది నా కళ్లతో చూశాను. తర్వాత పెరట్లోకి పోయింది, చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు కండ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ సంగతి నోటుబుక్కులో లేదు. మల్లికకు కూడా తెలియదనుకుంటాను, తెలిసినా రాయలేదు.

మర్నాడు అందరూ నాతోపాటే నల్గొండ వచ్చారు, నా ఇంట్లోనే దిగారు. మా కోడలు నేల మీద గుడ్డ పరిచి అందరికీ ఒకే దస్తర్‌ఖాన్ మీద అన్నం పెట్టింది. దవాఖానలో అందరికీ పరీక్షలు చేయించాను. తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ ఉంది. ఇద్దరికీ కాలేయం బాగుంది, వైరస్ చాలా తక్కువగా ఉంది, ఇప్పుడు మందులు అక్కర్లేదు, ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. తమ్ముడు ప్రవీణ్‌కూ తండ్రికీ లేదు, మొదటి టీకా వేయించాను. డాక్టరు కావడానికి అడ్డమేమీ లేదని అక్కడి పెద్ద డాక్టరు మల్లికకు కూర్చోబెట్టి చెప్పాడు. తల్లి ఆయన్ను మళ్లీ మళ్లీ అదే అడిగింది. మూడోసారి ఆయన నవ్వి కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. ఆమెకు చదువు రాదు. అయినా మడిచి కొంగులో కట్టుకుంది.

నేనూ ఒక పని చేశాను. ఆ రాత్రి ఫరాజ్‌కు చెప్పాను. వాడు రెండు రోజులు ముఖం ముడుచుకుని తిరిగాడు. తర్వాత నోటుబుక్కు తీసుకుని, "నాకెందుకు చెప్పలేదు అమ్మీ" అని రాశాడు. రాసి నా పక్కనే కూర్చున్నాడు. చెప్పి ఉండాల్సింది కోమలా, ఎన్నడో చెప్పి ఉండాల్సింది.

గురువారం పొద్దున బస్సుకు మల్లిక వస్తుంది. బస్టాండుకు రా. ఏడుపు ముఖం పెట్టుకుని రాకు. పిల్లకు ప్రయాణంలో ఏమీ తినబుద్ధి కాదట, అరటిపండ్లు తీసుకురా. ఇంకో మాట. ఆ కార్డు ఏమైంది? పసుపు సంచిలో వేసి కాల్చేయాల్సింది, నువ్వు వేసి ఉండవు. నాలుగేళ్లకు ఒక్కటి దొరికింది కదా, పాఠానికి పనికొస్తుందని దాచే ఉంటావు. అది నీది కాదు. ఆమెకివ్వు.

షంషాద్


కొత్తకోట,
9 జూలై 2025

ఆపాకు,

ఆదాబ్. మల్లిక పరీక్షలు, మార్కులు, రిజ్వానా మంచం మళ్లీ పక్కకు రావడం, ఇద్దరూ ఒకే టిఫిన్ డబ్బాలో తిని వార్డెన్‌తో తిట్లు తినడం, ఇవన్నీ ఈ ఏడాదిలో మీకు రాశాను. ఒక్కటి రాయలేదు, ఆ కార్డులాగే అది కూడా నాది కాదని. ఇప్పుడు మల్లిక రాయమంది.

మీరన్నది నిజమే, ఆ కార్డు నా డ్రాయరులోనే ఉండేది. ప్లాస్టిక్ కవరులో పెట్టి, అతికించి, పైన "పాజిటివ్" అని చీటీ కూడా వేశాను. ఆ గురువారం బస్టాండు నుంచి నేరుగా ల్యాబుకు తీసుకెళ్లి ఆమె చేతికిచ్చాను. ఇది నీది, పారేస్తావో ఉంచుకుంటావో నీ ఇష్టం అన్నాను. మల్లిక ఆ చీటీ చదివి, కార్డు బ్యాగులో పెట్టుకుని, నా చేతిలో ఉన్న అరటిపండ్లలో ఒకటి తీసుకుని తింది. తర్వాత దాని గురించి తను మాట్లాడలేదు, నేను అడగలేదు.

నిన్న సాయంత్రం నా గదికి వచ్చింది. రేపు జూనియర్లకు ఆ ప్రాక్టికలే కదా మేడమ్, నేను రావచ్చా అంది. తను ఇప్పుడు థర్డియర్. ఎందుకమ్మా అన్నాను. "అమ్మను అడిగిన మేడమ్. చెప్పుమన్నది" అంది.

ఈ పొద్దున క్లాసులో ఎప్పటిలాగే కొత్త డబ్బా విప్పాను. మొదటి కార్డు నా వేలిదే. పిల్లలకు ముందే అన్నీ చెప్పి, పావుగంట ఆగి చూపించాను. ఒక్క గీత వచ్చింది. రెండో గీత ఎలా ఉంటుంది మేడమ్ అని ఎవరో అడిగారు. ఏటా అడుగుతారు. నేను చాక్‌పీసు కోసం చెయ్యి చాపలేదు.

మల్లిక ముందుకు వచ్చింది. తెల్ల కోటు జేబులోంచి ఆ కవరు తీసింది. నేను రాసిన చీటీ లేదు, దాని చోట తన చేతిరాతతో తన పేరు ఉంది. గీత కొంచెం వెలిసింది గాని కనబడుతోంది. ట్రేలో పెట్టలేదు, ఎవరి చేతికీ ఇవ్వలేదు. తనే పట్టుకుని బెంచీ బెంచీకి నడిచి చూపించింది. వెనక్కి వచ్చి బోర్డు ముందు నిలబడి చెప్పింది.

"గిది నా కార్డు. గీ మొదటి గీత అందరికి వస్తది. గీ రెండోది మా అమ్మ నుంచి నాకొచ్చింది. మా అమ్మ గిప్పుడు పత్తి చేన్ల కలుపు దీస్తాంది."

అప్పుడు చాక్‌పీసు తీసుకుని పాఠం మొదలుపెట్టింది. యాంటిజెన్ అంటే ఏమిటి, దాన్ని యాంటీబాడీ ఎలా పట్టుకుంటుంది, పుట్టిన రోజునే టీకా వేస్తే ఆ రెండో గీత ఎందుకు రాదు, గ్లాసుతో ఎందుకు అంటదు. ఒక్క పిల్ల కూడా నిద్రపోలేదు. నాకంటే బాగా చెప్పింది, ఆపా.

ఈసారి నడుమ నీ నోట ఏమొచ్చిందని మీరు అడుగుతారు. ఏమీ రాలేదు. వెనక బెంచీలో జాగా ఉంటే పోయి కూర్చుని, పిల్లలతోపాటు నోట్సు రాసుకున్నాను.

మీ
కోమల